తరిమెన తాడు లాగినవాళ్ల పేరేమిటి? (మన పనిముట్ల చరిత్ర – 6)



పోయిన భాగంలో ఆరె గురించి, రంపె గురించి రాశాను. అది చదివి డిగ్రీ చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: ‘సార్, తోలు పనిముట్లు మనవే, ఒప్పుకుంటా. కానీ కొయ్య పని, ఇనుప పని మనవి కావు కదా. వాటి చరిత్ర మనమెందుకు రాయాలి?’

నిజాయితీగా అడిగిన ప్రశ్న. అయితే ఆ ప్రశ్న వెనక ఒక మోసం ఉంది. అది ఆ తమ్ముడిది కాదు, మనకు చరిత్ర నేర్పిన పద్ధతిది. ఉలి ఎవరి చేతిలో ఉందో పని వాళ్లదేనని మనకు నేర్పారు. ఆ పని కదలడానికి బలం ఎవరు పెట్టారు, దానికి కావలసిన తోలు ఎవరు ఊనారు, ఎవరు దగ్గరికి రాకుండా ఆగిపోయారు అనేది పాఠంలో లేదు.

ఈ భాగం తరిమెన గురించి. ఈ మాట ఇప్పుడు ఊళ్లలో కూడా తక్కువ వినబడుతోంది, అందరూ లేత్ అనేస్తున్నారు. కొయ్య ముక్కను రెండు మొనల మధ్య బిగించి, గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే సాధనం అది. మీ ఇంట్లో పాత మంచం ఉంటే దాని కోళ్లు చూడండి. ఉయ్యాల గుబ్బలు, చపాతీలొత్తే లట్టణిక, పిల్లల బొంగరం, నూలు చుట్టే చెక్క బాబిన్లు చూడండి. ఇలా గుండ్రంగా, నున్నగా ఉండే కొయ్య సామాను చాలావరకు తరిమెన మీద పుట్టిందే.

గోరంట్లలో ఒక కొట్టం

ముందు మా చిన్నాయన లేత్ దగ్గరికి పోదాం.

చిత్రావతి ఒడ్డున ఉన్న ఊరు గోరంట్ల. పేరుకు ఏరు ఉంది గానీ ఇది వానను నమ్మలేని నేల. మా అనంతపురం సీమలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ పోయిన ఏడు బెంగుళూరు బస్సెక్కడం ఇక్కడి రివాజు. చిన్నాయన కూడా అట్లే ఎక్కాడు. అక్కడ ఒక ఫర్నిచర్ షెడ్డులో పని దొరికింది. ఆరేళ్లు చేశాడు. దుంగలు మోశాడు, పొట్టు ఊడ్చాడు, గరుకు కాగితం పట్టి రుద్దాడు. లేత్ మీద మాత్రం చెయ్యి వేయనివ్వలేదు. ‘ఏ ఊరు, ఎవురి పిల్లోనివి’ అని మొదటి వారమే అడిగారట. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరమే వాళ్లకు రాలేదు.

‘నేను కండ్లతో నేర్చుకుంటి రా. చెయ్యి పెట్టనీకపోతే పాయ, కండ్లు మూయిస్తారా వాళ్లు?’ అంటాడు చిన్నాయన.

ఊరికి తిరిగొచ్చాక తన లేత్ తనే కట్టుకున్నాడు. పడగొట్టిన పాత ఇంటి చింత దూలం తెచ్చి దాన్నే పీఠంగా వేశాడు. గుజిరీ అంగట్లో అర హెచ్‌పీ మోటారు దొరికింది. అది నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. 6 అంగుళాల ముక్కను ఆ లెక్కన తిప్పితే దాని అంచు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బిగింపు జారిందంటే ముక్క మొహానికే వస్తుంది. అందుకని మోటారుకు 2 అంగుళాల పుల్లీ, ముక్కను తిప్పే ఇరుసుకు 4 అంగుళాల పుల్లీ వేసి వేగాన్ని సగానికి, అంటే 720కి దించాడు. ఆ పెద్ద పుల్లీ కొయ్యదే. మొదట చేత్తో సుమారుగా గుండ్రం చేసి ఇరుసుకు బిగించి, ఆ తర్వాత అదే లేత్ మీద తిప్పుతూ సరిచేసుకున్నాడు.

ఇరుసు కింద పాత స్కూటర్ చక్రం బేరింగులున్నాయి. ముక్క రెండో కొసను పట్టుకునేది మొన తేలేలా సానబట్టిన పెద్ద బోల్టు. ఉలి ఆనించుకోవడానికి ఒక యాంగిల్ ముక్క. లావు కొలిచే క్యాలిపర్ అంటే రెండు ఇనుప పట్టీలను వంచి ఒక రివెటుతో కలిపినదే. మంచానికి నాలుగు కోళ్లూ ఒకే రకంగా రావాలి కదా, దానికి గుర్తుల కర్ర ఒకటి చేసుకున్నాడు. ఎక్కడెక్కడ గాడి పడాలో అక్కడక్కడ మేకు కొట్టిన సన్నటి కర్ర అది. తిరుగుతున్న కొయ్యకు దాన్ని ఒక్కసారి ఆనిస్తే అన్ని గీతలూ ఒకేసారి పడతాయి. చిన్న గిన్నెలు, మూతలు చేయాలంటే రెండో మొన ఆనించడానికి చోటుండదు. అప్పుడు ఒక కొయ్య దిమ్మలో సరిగ్గా పట్టేంత గుంత తొలిచి, ముక్కను దాంట్లోకి బిగువుగా తట్టి తిప్పుతాడు. అంగట్లో ఇనుప చక్ కొనాలంటే వేలు పెట్టాలి. దిమ్మకు పొయ్యిలోకి పోవాల్సిన కట్టె చాలు.

ఇక ఉలులు. లారీ కమాన్ పట్టీ ముక్కను కమ్మరి కొలిమిలో సాగగొట్టించి చేసినవి కొన్ని, అరిగిపోయిన ఆకురాయిని సానబట్టి చేసినవి కొన్ని. ఇక్కడ ఒక శాస్త్రం ఉంది, సైన్సు విద్యార్థులు గమనించండి. కమాన్ పట్టీ ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. ఆకురాయిలో దానికి దాదాపు రెట్టింపు. అందుకే ఆకురాయి పదును ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ గాజులా పెళుసు. ఉక్కును ఎర్రగా కాల్చినప్పుడు అయస్కాంతం అంటకుండా పోయే స్థితి ఒకటి వస్తుంది. అది 770 డిగ్రీల దగ్గర. ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. అక్కడితో ఆపకూడదు. మళ్లీ సన్నటి వేడి మీద, నున్న చేసిన చోట ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచాలి. అప్పుడు పెళుసు తగ్గి పదును నిలుస్తుంది.

చిన్నాయనకు మొదట్లో ఈ రెండో కాపు సంగతి తెలీదు. కండ్లతో నేర్చుకున్నవాడికి షెడ్డులో కనబడింది తిరిగే లేత్ ఒక్కటే. ఉలికి పెట్టిన కాపు కంటికి కనబడేది కాదు, ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాల్సింది. ఎవరూ చెప్పలేదు. ఆకురాయితో చేసిన ఉలి ఒకరోజు రెండు ముక్కలై ఎగిరింది. ఎడమ కనుబొమ్మ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వేలెడు కిందికి తగిలుంటే కన్నే పోయేది.

ఎవరన్నా ఈ లేత్ ఫోటో చూసి ‘ఎంత తెలివి, చెత్త నుంచి యంత్రం చేశాడు’ అని మెచ్చుకుంటే నాకు ముందు ఆ మచ్చ గుర్తొస్తుంది.

కవ్వం తిప్పిన చేయి

మోటారు రాకముందు తరిమెన ఎట్లా తిరిగేది?

మీ అవ్వను అడగండి, చల్ల ఎట్లా చిలికేదో చెబుతుంది. కవ్వానికి తాడు చుట్టి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి లాగుతారు. కవ్వం అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది. పాత తరిమెన సరిగ్గా ఇదే. కొయ్య ముక్కకు తాడో తోలు పట్టెడో చుట్టి ఒక మనిషి ముందుకూ వెనక్కూ లాగుతుంటాడు. ఎదురుగా కూర్చున్న మనిషి ఉలి పట్టుకుంటాడు. ముక్క తనవైపు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు దాన్ని కొంచెం పైకెత్తాలి. అంటే లాగేవాడి బలంలో సగం కోతకు పోతుంది, సగం మళ్లీ మొదటి చోటికి తేవడానికి పోతుంది. రోజంతా లాగాలి, ఆగితే పని ఆగుతుంది.

ప్రపంచంలో తరిమెన బొమ్మల్లో మనకు తెలిసిన అతి పాతది ఈజిప్టులో ఉంది. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద చెక్కారు. అందులో ఇద్దరు మనుషులున్నారు. ఒకరు ఉలి పట్టారు, ఇంకొకరు తాడు లాగుతున్నారు. ఇద్దరి పేర్లూ మనకు తెలియవు, పూజారి పేరు మాత్రం 2300 ఏళ్లుగా నిలిచింది. అయినా ఆ గోడ కనీసం తాడు లాగేవాడి బొమ్మ చెక్కింది. మన పుస్తకాలు ఆ పని కూడా చేయలేదు.

మన ఆలయాల దగ్గరికి రండి. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. అక్కడి నల్లరాతి స్తంభాల మీద కంకణాల్లాంటి గుండ్రటి వలయాలుంటాయి. వాటిని తరిమెన పట్టిన స్తంభాలంటారు కళా చరిత్రకారులు. రాజు పేరు రుద్రదేవుడు, అది పరీక్షలో వస్తుంది. అంత బరువున్న రాయిని ఒక శిల్పి ఒక చేత్తో తిప్పుకుంటూ ఇంకో చేత్తో చెక్కలేడు కదా. తిప్పింది ఎవరన్న ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు.

తోలు తాడు సంగతి కూడా చూద్దాం. మా సీమలో కరెంటు మోటార్లు రాకముందు బావి నుంచి నీళ్లు తోడింది కపిల బాన. ఆ బాన తోలుది, దాన్ని కుట్టింది మాదిగ. కాడిని నొగకు కట్టే పట్టెడ తోలుది. ఊరి చుట్టూ పచ్చగా పూసే తంగేడు చెట్టు బెరడుతోనే ఆ తోలు ఊనేవాళ్లు. విజయనగర కాలం నుంచి ఊరికి పన్నిద్దరు ఆయగాండ్లు అని లెక్క చెబుతారు. ఆ జాబితాల్లో వడ్రంగి పక్కనే మాదిగ కూడా కనబడతాడు. ఇద్దరికీ కళ్లంలో మేర కొలిచేవారు. ఇద్దరూ లేకపోతే మడక కదలదు. కానీ వడ్రంగి ఇల్లు ఊర్లో, మాదిగ ఇల్లు ఊరి బయట.

ఇంకో సంగతి. దక్షిణాదిలో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని ఒక పాత పోరు నడిచింది. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ సంపుటాలు ఆ చీలికను నమోదు చేశాయి. అందులో కమ్మరి, వడ్రంగి, కంసాలి వంటి పాంచాణం కులాలు ఎడమచేతి పక్షం. మాదిగలు కూడా అదే పక్షం. మాలలు కుడిచేతి పక్షం. ఊరేగింపులో, గొడవలో చెక్క, ఇనుము, తోలు ఒకవైపు నిలబడ్డాయి. కొట్లాటలో భుజానికి భుజం ఆనించినా, పని దగ్గర ఒకే నీళ్ల కుండ ముట్టనివ్వలేదు. మాలను, మాదిగను చెరో పక్షంలో నిలబెట్టి కొట్టించిన లాభం ఎవరికి పోయిందో మీకే తెలుసు.

అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో చెప్పిందీ ఇదే. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషులను ఒకరికొకరు అందకుండా విడగొడుతుంది అన్నాడాయన. తరిమెన దగ్గర నిలబడి చూస్తే ఆ మాట కళ్లకు కనబడుతుంది. ఒకే యంత్రం, రెండు జతల చేతులు. ఒక జతకు వృత్తి పేరు, వృత్తి దేవుడు, వృత్తి పురాణం ఉన్నాయి. రెండో జతకు కూలి మాత్రమే.

యూరప్ వైపు చూసినా కథ పూర్తిగా వేరు కాదు. 19వ శతాబ్దం ఫ్యాక్టరీల్లో ఆవిరి యంత్రం బలాన్ని ఒక్కొక్క లేత్‌కూ చేరవేసింది పైకప్పు ఇరుసుల నుంచి దిగిన తోలు బెల్టులే. పారిశ్రామిక విప్లవం అంటే ఆవిరి, ఇనుము అని పాఠం చెబుతాం. వాటి మధ్యలో తిరిగిన తోలును మర్చిపోతాం.

ఏటికొప్పాక, చెన్నపట్నం

తెలుగు నేల మీద తరిమెన పనికి పేరు తెచ్చిన ఊరు ఏటికొప్పాక. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. మాకు దగ్గరలో, కర్ణాటకలో, ఇదే పనికి పేరున్న ఊరు చెన్నపట్నం. రెండు ఊళ్లకూ మధ్య వందల మైళ్లున్నా చెట్టు ఒకటే. ఏటికొప్పాకలో అంకుడు అంటారు, కన్నడంలో ఆలె మర అంటారు. తెల్లగా, మెత్తగా, నార కనబడకుండా ఉండే కొయ్య అది.

ఆ పనిలో నాకు బాగా నచ్చే పనిముట్టు ఇనుముది కాదు, ఒక ఆకు. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎండిన మొగలి ఆకును దాని మీద ఒత్తి పడితే లక్క సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఏ కంపెనీ చేయని, ఏటి గట్టున పెరిగే పనిముట్టు అది.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగుల కోసం పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ రాజపథంలో, ఇప్పటి కర్తవ్యపథంలో, ఆ బొమ్మల శకటమే ఆంధ్రప్రదేశ్ తరఫున నడిచింది. సంతోషమే, పనికి గౌరవం రావాల్సిందే. నా ప్రశ్న ఒక్కటే. ఊరికి గుర్తింపు వచ్చింది, బొమ్మకు వచ్చింది, రంగుకు వచ్చింది. కరెంటు రాకముందు తరాల తరబడి తాడు లాగిన చేతులకు ఎప్పుడు వస్తుంది?

ముట్టనివ్వని పనిముట్టు

చిన్నాయనకు ఉలి ఇవ్వకపోవడం ఒక షెడ్డు యజమాని గుణం అనుకోకండి. దానికి పెద్ద చరిత్రే ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్లను నేత విభాగంలోకి రానివ్వలేదు. నాడెలోకి దారం ఎక్కించాలంటే నోటితో పీల్చాలి, వాళ్ల నోరు తగిలిన నాడెను మేం ముట్టం అన్నారు సవర్ణ కార్మికులు. నేతలో కూలి ఎక్కువ, ఆ ఎక్కువ కూలి మనవాళ్లకు అందలేదు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ ప్రశ్నను కార్మిక నాయకుల ముందే పెట్టాడు. అరచేతిలో పట్టే నాడె ఒక కులాన్ని ఒక విభాగం బయట నిలబెట్టింది.

అమెరికాలో ఇంకో రూపం. మిసిసిపీలో నెడ్ అనే బానిస పత్తి చేలో పనికొచ్చే ఒక పరికరం చేశాడు. పేటెంటు కోసం అతని యజమాని దరఖాస్తు పెట్టాడు. 1858లో అక్కడి అటార్నీ జనరల్ తేల్చి చెప్పాడు, బానిస చేసిన ఆవిష్కరణకు పేటెంటు ఇవ్వడం కుదరదని. బానిస పౌరుడు కాదు కాబట్టి అతని పేరున రాదు, యజమాని కనిపెట్టలేదు కాబట్టి అతని పేరునా రాదు. పరికరం మాత్రం పొలంలో పనిచేస్తూనే ఉంది. మన దగ్గర ఇంత రాతకోత కూడా జరగలేదు. అడిగినవాడూ లేడు, కాదన్న కాగితమూ లేదు.

పనిముట్టు ఇస్తారు, ఎవరికి?

1953 జూన్‌లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ ఒక విద్యా పథకం తెచ్చాడు. పల్లె పిల్లలు ఒక పూట బడికి పోవాలి, మిగతా పూట తండ్రి వృత్తి నేర్చుకోవాలి. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు, మా అనంతపురం కూడా ఆ రాష్ట్రంలోనే ఉంది. పెరియార్, ఆయన అనుచరులు దాన్ని ‘కులక్కల్వి’, అంటే కుల చదువు అని పిలిచి ఊరూరా పోరాడారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని ఎత్తేశారు.

70 ఏళ్ల తర్వాత, 2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. డబ్బు చెడ్డది కాదు, అర్హత ఉన్నవాళ్లు తప్పక తీసుకోండి. కానీ అర్హతను ‘కుటుంబ సంప్రదాయ వృత్తి’ చుట్టూ కట్టారు. జాబితాలో వడ్రంగి వేరు, కమ్మరి వేరు, చెప్పులు కుట్టేవారు వేరు. ఆ షరతు తీసేయాలని, కనీస వయసు 18 నుంచి 35కి పెంచాలని తమిళనాడు కోరింది. మార్చకపోవడంతో 2024 నవంబర్‌లో ఈ రూపంలో పథకాన్ని అమలు చేయబోమని ముఖ్యమంత్రి స్టాలిన్ కేంద్రానికి రాశాడు.

ఈ రెండింటికీ ముందే ఇంకో దారి కూడా పుట్టింది, దాన్ని మనం తక్కువగా గుర్తు చేసుకుంటాం. 1950లో మొదలైన ఐటీఐ శిక్షణ. అందులో టర్నర్ అనేది రెండేళ్ల ట్రేడు. మీ తాత ఏం చేశాడని ఆ తరగతి అడగదు. రిజర్వేషన్‌తో సీటు వచ్చిన మాదిగ పిల్లవాడు, మాల పిల్లవాడు లేత్ ముందు నిలబడ్డాడు. ఉక్కుకు రెండో కాపు ఎందుకో అక్కడ పాఠంలో చెబుతారు. చిన్నాయన తన కనుబొమ్మ చీల్చుకుని నేర్చుకున్న సంగతి అది. అందుకే ప్రభుత్వ ఐటీఐలు పాడుబడుతుంటే అది మన సమస్య.

చివరగా రెండు మాటలు

ఇంట్లో చేసుకున్న పనిముట్టును చూసి గర్వపడదాం, కానీ దాన్ని పండగ చేయొద్దు. ప్రపంచంలో ఎక్కడైనా తరిమెన పనివాడు తన ఉలిని, తన గుర్తుల కర్రను తన చేతికి తగ్గట్టు తనే చేసుకుంటాడు. అది పనితనం. అప్పు పుట్టక, నేర్పేవాడు లేక, షెడ్డులో చోటు లేక గుజిరీలో ఏరుకుని చేసుకోవడం వేరు. అది వివక్ష. బయటివాళ్లకు రెండూ ఒకేలా కనబడతాయి. మనం తేడా చెప్పగలగాలి.

ఆడలేక మద్దెల ఓడు అని సామెత. పనిముట్టును తప్పుపట్టేవాడిని వెక్కిరించే మాట అది. మనవాళ్ల సంగతి వేరు. మద్దెలకు తోలు మూసి ఇచ్చి, దాన్ని వాయించే చోటికి రానివ్వబడని వాళ్లం మనం.

విద్యార్థులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ ఊర్లో 70 దాటిన ముగ్గురితో మాట్లాడండి. మంచం కోళ్లు ఎక్కడ చేయించేవాళ్లు, తరిమెన తాడు ఎవరు లాగేవాళ్లు, తాడు దేనితో చేసేవాళ్లు, కూలి ఎంత, నీళ్లు ఎక్కడ తాగేవాళ్లు అని అడగండి. వాళ్లు వాడిన పనిముట్టు పేరు వాళ్ల యాసలోనే రాసుకోండి, పుస్తక భాషలోకి మార్చకండి. మీరు పంపినవన్నీ ఈ వరుసలో ఒక భాగంగా వేస్తాను.

పోయిన వారం గోరంట్లకు పోయినప్పుడు చిన్నాయన లేత్ మీద డప్పు చిర్రలు చేస్తున్నాడు. కొట్టం బయట నలుగురు పిల్లలు నిలబడి చూస్తున్నారు. అందులో ఒకడు లోపలికి రావడానికి వెనకాడుతుంటే చిన్నాయన మోటారు ఆపి పిలిచాడు.

‘ఆడేం నిలబడినావు? రా. ముందు ఈ ఉలి పట్టుకో.’

వచ్చే భాగంలో కపిల బాన గురించి రాస్తాను. జై భీమ్.